లాట్ కాని లాట్: నోట్‌బుక్‌లో క్లాస్ మార్చాక ఏ దారి పట్టాలి?

"సార్, టైప్ అడిగితే లాట్ అంటోంది. ఇది లాటేనా అని ఐజ్‌ఇన్‌స్టాన్స్‌తో అడిగితే ఫాల్స్ అంటోంది. ఇదేం లెక్క సార్?"

రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఇది. వెనకే రెండు స్క్రీన్‌షాట్లు. ఫైనలియర్ కుర్రాడు, గుంటూరు మిర్చి యార్డు ధరల మీద ప్రాజెక్టు చేస్తున్నాడు. జూపిటర్ నోట్‌బుక్‌లో, అంటే కోడ్‌ని సెల్స్ అనే ముక్కలుగా రాసి విడివిడిగా రన్ చేసుకునే చోట, లాట్ అని ఒక పైథాన్ క్లాస్ (ఆబ్జెక్టుల్ని తయారుచేసే అచ్చు) రాసుకున్నాడు. అందులో వెరైటీ, టిక్కీల (బస్తాల) సంఖ్య, క్వింటాల్ ధర ఉంటాయి. మధ్యలో గైడ్ "తాలు కాయల లెక్క విడిగా చూపించు" అన్నారట. దాంతో తాలు అని ఇంకో ఫీల్డ్ చేర్చి ఆ సెల్‌ని మళ్లీ రన్ చేశాడు. అక్కడినుంచి మొదలైంది టెన్షన్.

నేను కోడ్ చదవలేదు. సెల్ పక్కన చదరపు బ్రాకెట్లలో ఉండే నంబర్లు మాత్రం చూశాను, ఏ సెల్ ఎన్నో రన్‌లో నడిచిందో చెప్పేవి అవే. క్లాస్ ఉన్న సెల్‌కి 31. లాట్ల లిస్టు తయారుచేసిన సెల్‌కి 12. రోగం ఏంటో ఆ రెండు నంబర్లే చెప్పేశాయి.

పైథాన్‌లో క్లాస్ అని రాయడమంటే ఇలాంటి రకం ఒకటి ఉందని ప్రకటించి ఊరుకోవడం కాదు. అది కూడా రన్ అయ్యే కోడే. రన్ చేసిన ప్రతిసారీ మెమరీలో సరికొత్త క్లాస్ ఒకటి పుడుతుంది, లాట్ అనే పేరు దానికి అంటుకుంటుంది. పాత క్లాస్ మాత్రం ఎక్కడికీ పోదు. పన్నెండో రన్‌లో పుట్టిన ఆబ్జెక్టులన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఒకరి ఉత్తరం ఇంకొకరికి చేరినట్టు, ఇక్కడ పేరొకటే గానీ మనిషి వేరు. టైప్ అడిగితే పేరు చెబుతుంది. ఐజ్‌ఇన్‌స్టాన్స్ మాత్రం పేరు చూడదు, మనిషిని చూస్తుంది.

దీనికి నెట్‌లో వెతికితే తలా ఒక మందు చెబుతారు. కెర్నల్ (వెనక కోడ్‌ని నడుపుతూ ఆబ్జెక్టుల్ని మెమరీలో ఉంచే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చెయ్యమనేవాళ్లు కొందరు, మార్చిన ఫైల్‌ని దానంతట అదే మళ్లీ లోడ్ చేసే ఆటోరీలోడ్ పెట్టమనేవాళ్లు కొందరు, అసలు జూపిటరే వదిలేసి మారిమో అనే ఇంకో నోట్‌బుక్‌కి పొమ్మనేవాళ్లు ఇంకొందరు. అన్నీ పనిచేసేవే. అయితే ఏది ఎంచుకోవాలన్నది టూల్‌ని బట్టి తేలదు. పాత ఆబ్జెక్టులు పోతే మళ్లీ తయారు చేసుకోవడానికి మీకు ఎంతసేపు పడుతుంది? నేను ముందు అడిగే ప్రశ్న ఇదే.

ఎర్రర్ వస్తే సంతోషించండి

దారుల సంగతికి వచ్చేముందు ఒక మాట. ఎర్రర్ వచ్చిందంటే మీరు అదృష్టవంతులు. అసలు ప్రమాదం ఎర్రర్ రాకపోవడంలో ఉంది.

లాట్‌లో విలువ అని ఒక మెథడ్ (క్లాస్ లోపల రాసిన ఫంక్షన్) ఉందనుకుందాం. టిక్కీకి సగటున 45 కిలోలు పట్టుకుని, ధరతో గుణించి లాట్ మొత్తం విలువ చెబుతుంది. ధర ఉన్నది క్వింటాల్‌కి. అంటే కిలోలను 100తో భాగించాలి, మీరు మర్చిపోయారు. పది టిక్కీలు, క్వింటాల్ 15,000 అయితే 67,500 రావాల్సింది పోయి 67,50,000 వచ్చింది. తప్పు చూసుకున్నారు, దిద్దారు, క్లాస్ సెల్ రన్ చేశారు. తర్వాత లిస్టులో ఉన్న లాట్ల మీద విలువ మళ్లీ అడిగారు. ఇప్పుడు కూడా 67,50,000 అనే వస్తుంది. ఆ ఆబ్జెక్టులు పాత క్లాస్‌వి, పాత మెథడే నడుస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. స్క్రీన్ మీద కనిపించే కోడ్ నూటికి నూరుపాళ్లు కరెక్ట్, జవాబు మాత్రం తప్పు. నేను ఒకసారి ఇలాగే దిద్దిన ఫార్ములాని అనుమానించి గంటన్నర కాగితం మీద లెక్కలు వేసుకున్నాను. ఆ గంటన్నర గుర్తున్నందుకే ఇదంతా రాస్తున్నాను.

డేటాక్లాస్ (ఫీల్డులు చెబితే ఇనిట్, పోలిక లాంటి మెథడ్స్ తనే రాసిపెట్టే క్లాస్) వాడేవాళ్లకి ఇంకో రూపంలో తగులుతుంది. అన్ని ఫీల్డులూ అచ్చం ఒకటే ఉన్న ఒక పాత లాట్‌నీ, ఒక కొత్త లాట్‌నీ సమానమా అని అడిగితే ఫాల్స్ వస్తుంది, ఎందుకంటే పోల్చేముందు రెండూ ఒకే క్లాస్‌వా అని అది చూస్తుంది. పైథాన్ ఈనమ్‌తో (Enum, స్థిరమైన పేర్ల జాబితా లాంటి క్లాస్) వెరైటీలు పెట్టుకుంటే పాత తేజ, కొత్త తేజ ఒకటి కావు. లాట్ నుంచి పిల్ల క్లాస్ ఒకటి చేసుకుని, తల్లి సెల్ మాత్రమే మళ్లీ రన్ చేస్తే పిల్లకి ఇంకా పాత తల్లే. సూపర్ పక్కన క్లాస్ పేరు రాసే పాత అలవాటున్న వాళ్లకి, ఆబ్జెక్ట్ ఆ టైప్‌ది కాదు అని టైప్‌ఎర్రర్ వస్తుంది. పికిల్ చేయబోతే, అంటే ఆబ్జెక్టుల్ని ఫైల్‌లో దాచబోతే, "మెయిన్‌లో (నోట్‌బుక్‌లో) ఉన్న లాట్, ఈ లాట్ ఒకటి కాదు" అన్న అర్థం వచ్చే ఎర్రర్ వస్తుంది. వీటన్నిటిలో సంగతిని ఉన్నదున్నట్టు చెప్పేది ఆ పికిల్ ఒక్కటే.

ఈ విషయంలో ఓకామల్ భాషని మెచ్చుకోవాలి. దాని ఇంటరాక్టివ్ ప్రాంప్ట్‌లో ఒకే టైప్‌ని రెండుసార్లు రాస్తే ఎర్రర్‌లో పేర్ల పక్కన 1, 2 అని నంబర్లు వేస్తుంది. ఈ సెషన్‌లో ఈ టైప్‌ని చాలాసార్లు నిర్వచించారు, కొన్ని విలువలు ఇంకా పాతదాన్నే చూస్తున్నాయి అని కింద సూచన కూడా ఇస్తుంది. పైథాన్‌కి ఆ మర్యాద లేదు.

ముందు రోగం అదేనా?

టైప్ ఎర్రర్ కనబడగానే కెర్నల్ మీద చెయ్యి వేయకండి. అర నిమిషం చాలు. ఆ ఆబ్జెక్ట్ టైప్‌కీ లాట్‌కీ మధ్య ఈజ్ (రెండూ ఒకటేనా అని చూసే పదం) పెట్టి అడగండి. ఫాల్స్ వస్తే రెండు క్లాస్‌లు ఉన్నట్టే. తర్వాత రెండింటి మాడ్యూల్ పేరు చూడండి. రెండూ మెయిన్ అని చూపిస్తే, సెల్ మళ్లీ రన్ చేయడం వల్ల వచ్చిన సమస్య. ఈ వ్యాసమంతా దాని గురించే.

ఒకటి మెయిన్ అని, ఇంకొకటి ఫైల్ పేరుతో వస్తే, ఒకప్పుడు సెల్‌లో రాసిన క్లాస్‌ని తర్వాత ఫైల్‌లోకి మార్చి, పాత సెల్ తీసేయడం మర్చిపోయారన్నమాట. రెండూ ఫైల్ పేర్లే అయి, ఒకటి లాట్ అని, ఇంకొకటి ఎస్ఆర్‌సి డాట్ లాట్ అని వస్తే మాత్రం జాగ్రత్త. ఒకే ఫైల్‌ని రెండు దారుల్లో ఇంపోర్ట్ చేశారు, పైథాన్ దాన్ని రెండు వేరు మాడ్యూల్స్‌గా లెక్కేసింది. దీనికి రీస్టార్ట్ మందు కాదు, ఎన్నిసార్లు చేసినా తిరిగొస్తుంది. ఇంపోర్ట్‌లన్నీ ఒకే దారిలో రాయడం ఒక్కటే మార్గం. రీస్టార్ట్ చేసి పై నుంచి కిందకి రన్ చేసినా ఎర్రర్ పోలేదంటే మొదట ఇదే అనుమానించండి.

రీస్టార్ట్: బోరు కొట్టే జవాబు, చాలాసార్లు సరైన జవాబు

మీ నోట్‌బుక్ పై నుంచి కిందకి రెండు నిమిషాల లోపు నడుస్తుందా? అయితే ఇక చదవక్కర్లేదు. కెర్నల్ రీస్టార్ట్ చేసి అన్ని సెల్స్ రన్ చేయండి, టీ తెచ్చుకోండి. తెలివైన చిట్కా కోసం పది నిమిషాలు వెతకడం కన్నా ఇది చవక. పైగా దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఎప్పుడో తీసేసిన సెల్‌లోని క్లాస్ మెమరీలో బతికే ఉండి, దాని మీద మీ కోడ్ ఆధారపడుతుంటే, అది ఇప్పుడే బయటపడుతుంది. లేకపోతే వైవా రోజు బయటపడుతుంది.

కొంతమంది రీస్టార్ట్ బదులు రీసెట్ మ్యాజిక్ (నోట్‌బుక్‌లో పర్సెంట్ గుర్తుతో రాసే ప్రత్యేక కమాండ్) వాడతారు. అది మీరు పెట్టుకున్న పేర్లని తుడుస్తుంది, కానీ ఇంపోర్ట్ అయిన మాడ్యూల్స్ అలాగే ఉంటాయి. సగం స్నానం లాంటిది. నేను వాడను.

మొత్తం అక్కర్లేదనుకుంటే జూపిటర్‌ల్యాబ్‌లో ఎంచుకున్న సెల్, దాని కిందవన్నీ రన్ చేసే ఆప్షన్ మెనూలో ఉంది. క్లాస్ సెల్ పైన బరువైన పని అంతా ఉండి, కింద తేలిక పనులు ఉంటే ఇది చక్కగా సరిపోతుంది. అందుకే నేను క్లాస్‌లని నోట్‌బుక్ మొదట్లో పెట్టను. డేటా తెచ్చుకోవడం, శుభ్రం చేయడం అయ్యాక, ఆబ్జెక్టులు కట్టేముందు పెడతాను. పాఠ్యపుస్తకాల్లో ఇంపోర్ట్‌లు, క్లాస్‌లు అన్నీ పైనే ఉండాలంటారు. ఫైల్‌కి అది నిజమే. నోట్‌బుక్‌కి నాకు అచ్చిరాలేదు.

కోలాబ్‌లో (గూగుల్ ఆన్‌లైన్ నోట్‌బుక్) వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. సెషన్ రీస్టార్ట్ చేస్తే వేరియబుల్స్ మాత్రమే పోతాయి, ఆ మెషీన్ డిస్క్‌లో సేవ్ చేసిన ఫైళ్లు ఉంటాయి. రన్‌టైమ్ డిస్కనెక్ట్ చేసి డిలీట్ చేసే బటన్ నొక్కితే ఆ ఫైళ్లు కూడా పోతాయి. మెనూలో రెండూ ఒకే చోట ఉంటాయి, రాత్రిపూట నిద్రకళ్లతో తేడా కనబడదు.

రీస్టార్ట్ చేయలేని పరిస్థితి

నలభై నిమిషాల పని మెమరీలో ఉంది, క్లాస్‌లో ఒక చిన్న మార్పు కావాలి. అప్పుడేం చేయాలి?

మార్పు మెథడ్‌లో మాత్రమే అయితే క్లాస్ సెల్‌ని ముట్టుకోనేవద్దు. కొత్త సెల్‌లో మామూలు ఫంక్షన్‌గా విలువ రాసి, లాట్ డాట్ విలువ ఈక్వల్స్ ఆ ఫంక్షన్ అని ఒక్క లైన్ రాయండి. కొత్త క్లాస్ పుట్టదు. ఉన్న క్లాస్‌లోనే మెథడ్ మారుతుంది. పాత ఆబ్జెక్టులన్నీ ఆ క్షణం నుంచే కొత్త లెక్క చెబుతాయి. ఫాస్ట్‌కోర్ అనే లైబ్రరీలో ఇదే పనికి ప్యాచ్ అని ఒక డెకరేటర్ ఉంది, రాయడానికి ఇంకా నీటుగా ఉంటుంది. ఇంత సులువైన దారి అసలు ఎవరూ చెప్పరెందుకో నాకు అర్థం కాదు. ఒకటే గుర్తుపెట్టుకోండి: తర్వాత ఎప్పుడైనా పొరపాటున క్లాస్ సెల్ రన్ చేస్తే, ఈ అతుకు కొత్త క్లాస్‌కి ఉండదు. పని కుదిరాక తీరిగ్గా ఆ మెథడ్‌ని క్లాస్‌లోకి ఎక్కించేయాలి.

క్లాస్ సెల్ అప్పటికే రన్ చేసేశారు, పాత ఆబ్జెక్టులు అనాథలయ్యాయి. అప్పుడు రెండు మార్గాలు.

మొదటిది మొరటుది. ప్రతి పాత ఆబ్జెక్ట్‌కీ డబుల్ అండర్‌స్కోర్ క్లాస్ అనే గుణాన్ని కొత్త లాట్‌కి మార్చేయడం. ఒక ఫర్ లూప్ చాలు. మామూలు క్లాస్‌లకి ఇది పనిచేస్తుంది. స్లాట్స్ (ఫీల్డుల పేర్లని ముందే ఖాయం చేసే పద్ధతి) వాడిన క్లాస్‌లో ఫీల్డులు మారితే లేఅవుట్ వేరని ఒప్పుకోదు. కొత్తగా చేర్చిన తాలు ఫీల్డ్ పాత ఆబ్జెక్టుల్లో ఉండదు కాబట్టి, దాన్ని అడిగితే అట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది. ఇక్కడొక తమాషా ఉంది. లాట్ డేటాక్లాస్ అయి, తాలుకి డిఫాల్ట్‌గా సున్నా ఇచ్చి ఉంటే ఎర్రర్ రాదు. డిఫాల్ట్ విలువ క్లాస్ దగ్గరే ఉంటుంది కాబట్టి పాత ఆబ్జెక్టులు కూడా తాలు సున్నా అని జవాబిస్తాయి. ఇది వరమో శాపమో మీ డేటాని బట్టి ఉంటుంది. తాలు కొలవలేదు అన్నదీ, తాలు లేదు అన్నదీ ఒకటి కాదు కదా.

రెండోది నాకు ఇష్టమైనది, పికిల్ దారి. పికిల్ ఫైల్‌లో క్లాస్ కోడ్ ఉండదు, మాడ్యూల్ పేరు, క్లాస్ పేరు, ఫీల్డుల విలువలు మాత్రమే ఉంటాయి. తెరిచినప్పుడు ఆ పేరుతో అప్పుడు ఏ క్లాస్ ఉంటే ఆ క్లాస్ ఆబ్జెక్టులుగా లేస్తాయి. కాబట్టి క్లాస్ మార్చేముందే పాతవాటిని పికిల్ చేసి పెట్టుకుంటే, మార్చాక తెరిస్తే కొత్త లాట్లు చేతికొస్తాయి. మార్చేశాక గుర్తొచ్చిందా? పికిల్ ఒప్పుకోదు, లాట్ పేరు ఇప్పుడు కొత్త క్లాస్‌ది. అప్పుడు పేరుని తాత్కాలికంగా పాతదానికే ఇచ్చేయండి: లాట్ ఈక్వల్స్ టైప్ ఆఫ్ లిస్టులోని మొదటి ఆబ్జెక్ట్. ఇప్పుడు పికిల్ చేస్తే ఏ గొడవా లేకుండా అయిపోతుంది. ఆ వెంటనే క్లాస్ సెల్ మళ్లీ రన్ చేసి, పికిల్‌ని తెరవండి. ఆబ్జెక్టులన్నీ కొత్త ఇంటికి చేరుకుంటాయి. ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే ఇనిట్ మెథడ్ మాత్రం ఇక్కడ నడవదు, కాబట్టి కొత్త ఫీల్డుల విషయంలో పై జాగ్రత్తే ఇక్కడ కూడా. నన్ను రెండు మూడుసార్లు కాపాడింది ఇదే. రోజూ వాడాల్సిన అలవాటు మాత్రం కాదు, ఇంట్లో ఫస్ట్ ఎయిడ్ డబ్బా లాంటిది.

ఫైల్‌లోకి మార్చి ఆటోరీలోడ్ పెట్టడం

ఒక క్లాస్‌ని వారంలో మూడోసారి మారుస్తున్నారంటే దాని చోటు సెల్ కాదు. సెల్ పైన రైట్‌ఫైల్ మ్యాజిక్ ఒక లైన్ పెడితే అది ఫైల్‌గా మారిపోతుంది. తర్వాత ఆటోరీలోడ్ ఎక్స్‌టెన్షన్ లోడ్ చేసి మోడ్ 2 పెట్టండి. ఫైల్‌ని ఎడిటర్‌లో మార్చి సేవ్ చేస్తే, తర్వాతి సెల్ రన్ అయ్యేముందు ఐపైథాన్ (జూపిటర్ వెనక పైథాన్‌ని నడిపేది) దాన్ని గమనించి మళ్లీ లోడ్ చేస్తుంది.

దీనికీ సెల్ మళ్లీ రన్ చేయడానికీ తేడా ఎక్కడంటే, ఆటోరీలోడ్ పాత క్లాస్‌ని వదిలేయదు, లోపలికి వెళ్లి మరమ్మత్తు చేస్తుంది. ఫ్రమ్ లాట్ ఇంపోర్ట్ లాట్ అని తెచ్చుకున్న పేరు కూడా తాజా అవుతుంది. ఈమధ్య వెర్షన్లలో అయితే బతికున్న పాత ఆబ్జెక్టుల్ని వెతికి మరీ కొత్త క్లాస్‌కి మారుస్తుంది. అందుకే నలభై నిమిషాల ఆబ్జెక్టులున్న వాళ్లకి నేను సెల్ కన్నా ఫైల్ అంటాను. చాలామంది బ్లైండ్‌గా వాడే ఇంపోర్ట్‌లిబ్ రీలోడ్‌తో దీన్ని కలపకండి. అది మాడ్యూల్‌ని మాత్రమే తాజా చేస్తుంది. ఫ్రమ్ అని తెచ్చుకున్న పేరు పాతదాన్నే పట్టుకుని ఉంటుంది, ఆబ్జెక్టులు కూడా పాతవే. పోలికలో నా చివరి ర్యాంకు దానికే.

ఆటోరీలోడ్ దేవుడేం కాదు. ఇనిట్‌లో కొత్తగా పెట్టిన ఫీల్డ్ పాత ఆబ్జెక్టుల్లోకి రాదు. ప్రాపర్టీగా ఉన్నదాన్ని మామూలు మెథడ్‌గా మారిస్తే పాత ఆబ్జెక్టులు తికమక పడొచ్చు. సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్స్ రీలోడ్ కావు. అన్నిటికన్నా ఎక్కువమంది పడే గోతి ఇంకోటి: ఫైల్‌లో సింటాక్స్ తప్పు ఉంటే ఆటోరీలోడ్ ఫెయిలైందని ఒక మెసేజ్ వేసి, పాత కోడ్‌తోనే ముందుకు పోతుంది. కింద మీ సెల్ అవుట్‌పుట్ మామూలుగా వస్తుంది కాబట్టి పైన ఉన్న మెసేజ్‌ని ఎవరూ చదవరు. చదవండి. ఇంకా, నోట్‌బుక్ సెల్‌లో రాసిన క్లాస్‌లకి ఆటోరీలోడ్‌తో సంబంధం లేదు. "ఆన్ చేశాను సార్, అయినా పనిచేయట్లేదు" అనేవాళ్లలో సగంమందిది ఇదే కథ.

మల్టీప్రాసెసింగ్ (పనిని ఒకేసారి చాలా ప్రాసెస్‌లకి పంచడం) వాడేవాళ్లు ఎలాగూ ఫైల్‌కి రావాల్సిందే. విండోస్‌లోనూ, పైథాన్ 3.8 నుంచి మ్యాక్‌లోనూ వర్కర్ ప్రాసెస్ ఖాళీగా పుడుతుంది. నోట్‌బుక్ సెల్‌లో ఉన్న లాట్ దానికి కనబడదు, మెయిన్‌లో లాట్ దొరకలేదంటుంది. లినక్స్‌లో ఇన్నాళ్లూ ఫోర్క్ (ఉన్న ప్రాసెస్‌కి నకలు తీయడం) పుణ్యమా అని నడిచిపోయేది. పైథాన్ 3.14లో అక్కడ కూడా డిఫాల్ట్ మారింది.

మారిమో సంగతి

మారిమో రియాక్టివ్ నోట్‌బుక్. ఏ సెల్ ఏ పేరుని తయారుచేస్తోంది, ఏది ఏ పేరుని వాడుతోంది అన్నది అది లెక్కగట్టి ఉంచుకుంటుంది. లాట్ క్లాస్ సెల్ మారిస్తే, లాట్‌ని వాడే ప్రతి సెల్ దానంతట అదే మళ్లీ రన్ అవుతుంది. 12, 31 తేడా పుట్టే అవకాశమే చాలావరకు పోతుంది. సెల్ తీసేస్తే దాని పేర్లు కూడా మెమరీలోంచి పోతాయి. ఫైల్ మామూలు పైథాన్ ఫైల్‌గా సేవ్ అవుతుంది కాబట్టి గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) తేడాలు చదవగలుగుతారు. ఇది చిన్న సుఖం కాదు.

మరి అందరినీ అటే పొమ్మనొచ్చుగా? చెప్పను. ఒకే పేరుని రెండు సెల్స్‌లో నిర్వచిస్తే మారిమో ఒప్పుకోదు. ప్రతి సెల్‌లో డీఎఫ్ ఈక్వల్స్ డీఎఫ్ అని రాసుకుంటూ పోయే అలవాటు మనలో ఎంతమందికి లేదు? పాత నోట్‌బుక్‌ని కన్వర్ట్ చేయగానే ఎర్రర్లు వరస కడతాయి. పేరు ముందు అండర్‌స్కోర్ పెడితే ఆ సెల్‌కే పరిమితమవుతుంది, దాంతో కొంత సర్దుకోవచ్చు. ఒక సెల్‌లో లిస్టు చేసి, ఇంకో సెల్‌లో అపెండ్ చేస్తే ఆ మార్పుని అది పట్టుకోలేదు. ఇక నలభై నిమిషాల సెల్ లాట్‌ని వాడుతుంటే, క్లాస్‌లో ఒక కామా మార్చినా ఆ నలభై నిమిషాలు మళ్లీ మొదలవుతాయి. లేజీ మోడ్ పెట్టుకుంటే రన్ చేయకుండా, ఇవి పాతబడ్డాయి అని గుర్తు మాత్రమే వేస్తుంది. మారిమోకి వెళ్లేవాళ్లు మొదటి రోజే ఆ సెట్టింగ్ చూసుకోవాలి.

నా లెక్క ఇది: కొత్త ప్రాజెక్ట్ మొదలుపెడుతున్నారు, గ్రాఫులు, స్లైడర్లు పెట్టి చూపించాలి, క్లాస్‌లు తరచూ మారతాయి, అప్పుడు మారిమో. సబ్మిషన్‌కి వారం ఉంది, నోట్‌బుక్‌లో నూట ఇరవై సెల్స్ ఉన్నాయి, అప్పుడు దాని జోలికి పోవద్దు.

జూలియా వాళ్లకి

జూపిటర్ అన్న పేరులోనే జూలియా, పైథాన్, ఆర్ మూడూ ఉన్నాయి గానీ, ఈ సమస్య మూడింటిలో ఒకేలా కనబడదు. జూలియా పైథాన్‌లా మోసం చేయదు, మొన్నమొన్నటిదాకా మొహం మీదే తలుపు వేసేది. స్ట్రక్ట్‌లో (జూలియాలో ఫీల్డులతో కొత్త టైప్ రాసే పద్ధతి) ఒక ఫీల్డ్ చేర్చి సెల్ రన్ చేస్తే, కాన్‌స్టెంట్‌ని ఇలా తిరిగి నిర్వచించడం చెల్లదు అని ఎర్రర్ ఇచ్చేది. ఫీల్డులు మార్చకుండా అదే స్ట్రక్ట్‌ని మళ్లీ రన్ చేస్తే మాత్రం ఊరుకుంటుంది. మారిన కోడ్‌ని మళ్లీ లోడ్ చేసే రివైజ్ ప్యాకేజ్ మెథడ్స్‌లో మార్పుల్ని బాగా పట్టుకునేది గానీ, స్ట్రక్ట్ మారితే చేతులెత్తేసేది. అందుకే జూలియా వాళ్లు స్ట్రక్ట్‌ని ఒక మాడ్యూల్‌లో చుట్టి, మాడ్యూల్‌నే మార్చేసేవాళ్లు. లేదా స్ట్రక్ట్ ఖరారయ్యేదాకా నేమ్‌డ్ టపుల్స్‌తో (టైప్ రాయకుండానే పేర్లతో విలువలు కట్టగట్టడం) కాలక్షేపం చేసేవాళ్లు. రెండోది ఇప్పటికీ మంచి అలవాటే.

2025 అక్టోబర్‌లో వచ్చిన 1.12 వెర్షన్‌తో ఆ తలుపు తెరుచుకుంది. స్ట్రక్ట్‌ని మార్చి రన్ చేయొచ్చు. పాత ఆబ్జెక్టులు పాత టైప్‌లోనే ఉంటాయి, ప్రింట్ చేస్తే టైప్ పేరు పక్కన వరల్డ్ అని, అంకెలు వేసి ఇది పాతది అని చూపిస్తుంది. పాత లాట్ కోసం రాసిన ఫంక్షన్ కొత్త లాట్‌ని తీసుకోదు, మెథడ్ ఎర్రర్ వస్తుంది. ఆ ఫంక్షన్ ఉన్న సెల్ కూడా మళ్లీ రన్ చేయాలి. 1.12కి ముందు వెర్షన్ మీదే ఉండిపోవాల్సి వస్తే ప్లూటో వాడండి, జూలియాకి మారిమో లాంటి నోట్‌బుక్. అది ప్రతిసారీ కొత్త మాడ్యూల్‌లో రన్ చేస్తుంది కాబట్టి స్ట్రక్ట్ మార్చినా అడ్డు చెప్పదు, ఆధారపడ్డ సెల్స్‌ని తనే నడుపుతుంది. జూలియా నేర్చుకునేవాళ్లకి నేను మొదట్నుంచీ ప్లూటోనే చెబుతాను, పైథాన్‌లో మారిమో విషయంలో ఉన్నంత వెనకాముందూ ఇక్కడ నాకు లేదు.

ఇంతకీ ఆ కుర్రాడికి ఏం చెప్పాను?

"బాబూ, లిస్టు సెల్ రన్ అవడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను. ఇరవై అయిదు నిమిషాలన్నాడు. ఎందుకంత అంటే, ఆ సెల్‌లోనే ధరల ఫైళ్లన్నీ చదివి, తేదీలు సరిచేసి, వెరైటీ పేర్లలో స్పెల్లింగ్ తేడాలు కలిపి, చివర్లో లాట్లు కడుతున్నాడు. అసలు చిక్కు అక్కడ ఉంది. లాట్లు కట్టడానికి పట్టేది ఒక సెకను. మిగతా ఇరవై నాలుగు నిమిషాల చిల్లర ఫైళ్లు చదవడానికి.

ఆ రాత్రికి పికిల్ దారిలో పాత లాట్లని గట్టెక్కించాం. తాలు డిఫాల్ట్‌ని సున్నా కాకుండా నన్ (None, విలువ తెలియదు అని) పెట్టించాను. మర్నాడు ఆ సెల్‌ని రెండుగా కోయించాను. శుభ్రం చేసిన డేటా పార్కే (టేబుల్ డేటా దాచే ఫార్మాట్) ఫైల్‌గా సేవ్ అయ్యేవరకు ఒకటి, ఆ ఫైల్ చదివి లాట్లు కట్టేది ఇంకోటి. రెండో సెల్ నుంచి చివరిదాకా రన్ చేస్తే పదకొండు సెకన్లు. ఆటోరీలోడ్ గురించి, మారిమో గురించి ఏమీ చెప్పలేదు. పదకొండు సెకన్లకి అవి అక్కర్లేదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ మెసేజ్ పెట్టాడు. ఈసారి గైడ్ టిక్కీ బరువు 45 కాకుండా లాట్‌ని బట్టి మారాలన్నారట. "క్లాస్ మార్చి రీస్టార్ట్ కొట్టేశాను సార్, అయిపోయింది. మరి బరువు లేని పాత రికార్డులకి ఏం పెట్టమంటారు?" అని అడిగాడు.